మోటారును మోసే చర్మం

(డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం స్మారకోపన్యాసం. హైదరాబాద్ నాంపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



కలాం గారి పేరు మీద ప్రసంగం అనగానే నిర్వాహకులు ఒకటే కోరారు, పోలియో కాళ్లకు కట్టే కాలిపర్ల సంగతి చెప్పకుండా వదలొద్దని. ఈ ఊళ్లో అది తెలియనివాళ్లు తక్కువ. 1982లో ఆయన కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చారు. క్షిపణుల కోసం అక్కడ తేలికగా, గట్టిగా ఉండే పదార్థాలు తయారయ్యేవి. నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు లాబ్ చూడడానికి వచ్చి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు 3 కిలోలకు పైబడిన ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. 3 వారాల్లో 300 గ్రాముల కాలిపర్ చేసి తీసుకెళ్లామని ఆయనే చాలా సభల్లో చెప్పారు. గుండె విషయంలోనూ ఆయన ఇదే దారిలో నడిచారు. ఇక్కడికి దగ్గర్లోనే, ఎగ్జిబిషన్ రోడ్డులో, 1997లో కేర్ ఆస్పత్రిని ప్రారంభించిన డాక్టర్ సోమరాజుతో కలిసి రూపొందించిన స్టెంటుకు కలాం–రాజు స్టెంటు అని పేరు వచ్చింది.

కాలిపర్ కథలో అందరూ బరువు గురించే మాట్లాడతారు. కృత్రిమ అవయవాలు అమర్చే మా పనిలో ఉన్నవాడికి ఇంకో సంగతి కనబడుతుంది. పోలియో వచ్చిన కాలిలో కండరం చచ్చుబడుతుంది కానీ చర్మానికి ఏమీ కాదు. ఆ వైరస్ కదలిక నరాలనే దెబ్బతీస్తుంది, స్పర్శ జోలికి పోదు. పట్టీ ఎక్కడ ఒరుసుకున్నా పిల్లవాడు వెంటనే ఏడుస్తాడు, తల్లి విప్పి చూస్తుంది, మర్నాడు మేం సరిచేస్తాం. కాబట్టి అక్కడ పోరాటమంతా బరువుతోనే. కలాం గారు సరైన శత్రువునే ఎంచుకున్నారు.

2014లో మన దేశం పోలియో నుంచి బయటపడినట్టు ధ్రువీకరణ వచ్చింది. ఇప్పుడు మా మెట్లెక్కి వచ్చేవాళ్లు వేరు. కరెంటు స్తంభం మీద 11 కేవీ తీగ తగిలిన లైన్‌మన్. షుగరుతో మోకాలి కింద కాలు తీసేసిన పెద్దమనిషి. లారీ చక్రం కింద ఎముక నలగడంతో పాటు చర్మమంతా ఒలిచినట్టు ఊడిపోయిన కుర్రాడు. యాసిడ్ పడ్డవాళ్లు, స్టవ్ పేలినవాళ్లు. వీళ్లలో ఒక్కరికీ మొండి మీద మంచి చర్మం ఉండదు. మోటారు చెయ్యి కావాలని, బ్యాటరీ మోకాలు కావాలని అడిగేది ఎక్కువగా వీళ్లే. ఫోన్‌లో వీడియో చూసి వస్తారు. అందులో వేళ్లు కదులుతుంటాయి, గుడ్డు పగలకుండా పట్టుకుంటాయి. ఆ చెయ్యి తొడుక్కున్నవాడి మొండి ఎలా ఉందో వీడియోలో ఎవరూ చూపించరు.

మోటారు అవయవం అమర్చడంలో అసలు కష్టం మోటారు దగ్గర లేదు, తోలు దగ్గరుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఇదే. ఆ తోలు సంగతి తేలాల్సింది మా వర్క్‌షాపులో కాదు, అంతకు ఏడాది ముందు ఆపరేషన్ టేబుల్ మీద.

మా వర్క్‌షాపు నాంపల్లి స్టేషనుకూ అబిడ్స్ జీపీఓకూ మధ్య ఒక సందులో ఉంది. ఇక్కడే ఎందుకంటే, రైలు దిగినవాళ్లకు నడిచే దూరం, బస్సు దిగినవాళ్లకు చిన్న ఆటో దూరం, ఉస్మానియా ఆస్పత్రి నుంచి చీటీ పట్టుకుని వచ్చేవాళ్లకు అఫ్జల్‌గంజ్ ఎంతో దూరం కాదు. ఒక కాలుతో ఊళ్లు దాటి వచ్చేవాడికి చిరునామా కూడా వైద్యంలో భాగమే. ఇంకో సౌకర్యం కూడా ఉంది. చార్జరు పిన్ను విరిగినా, తీగ ఊడినా పక్కనే జగదీశ్ మార్కెట్టు. ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు భూతద్దం పెట్టి టంకం వేసి ఇచ్చేస్తారు. కంపెనీవాళ్లు వింటే ఒప్పుకోరు, నేనూ చేయించమని చెప్పను. కానీ మోటారు ఆగిపోతే ఈ పేటలో ఎవరో ఒకరు తిప్పగలరు. మొండి మీద అతికించిన చర్మం, అంటే గ్రాఫ్టు, చిట్లితే జగదీశ్ మార్కెట్టు ఏం చేస్తుంది?

ముందు చెయ్యి ఎలా పనిచేస్తుందో చూద్దాం. చెయ్యి పోయినా దాన్ని ఆడించే కండరాల్లో కొంత భాగం మొండిలో మిగులుతుంది. పిడికిలి బిగించాలనుకోగానే ఆ కండరం బిగుసుకుంటుంది. దాని విద్యుత్తు చర్మం మీద మహా అయితే ఒకటి రెండు మిల్లీవోల్టులుగా, చాలాసార్లు అంతకంటే తక్కువగా తేలుతుంది. మొండికి తొడిగే సాకెట్ లోపలి గోడకు బిగించిన లోహపు ఎలక్ట్రోడ్లు దాన్ని అందుకుని, పెంచి, మోటారుకు ఆజ్ఞ ఇస్తాయి. 1940ల్లో మ్యూనిక్‌లో రైన్‌హోల్డ్ రైటర్ మొదట ఇలాంటి చెయ్యి చేశాడు. 1950ల చివర్లో మాస్కోలో కోబ్రిన్‌స్కీ బృందం మనిషి నిజంగా తొడుక్కుని తిరగగలిగే చెయ్యి తయారుచేసింది. అప్పటినుంచి మోటార్లు చిన్నవయ్యాయి, వేళ్లు విడివిడిగా ఆడుతున్నాయి. మన హైదరాబాద్‌లోనే మేకర్స్ హైవ్ సంస్థ చేసిన బయోనిక్ చేతికి కలాం గారి పేరు కలిసేలా కల్‌ఆర్మ్ అని పెట్టారు. ఇన్ని మారినా, ఎలక్ట్రోడ్ చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండాలన్న షరతు మాత్రం మారలేదు.

ఇప్పుడు కాలిన చర్మం సంగతి. మచ్చ లేచి గట్టిపడితే కండరానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య గోడ కట్టినట్టే, సంకేతం సన్నగిల్లుతుంది. గ్రాఫ్టు అయితే ఇంకో చిక్కు. తొడ మీంచి పల్చగా తీసి అతికించిన పొరలో చెమట గ్రంథులు రావు, నూనె గ్రంథులు రావు. పొద్దున తొడుక్కోగానే చర్మం ఎండిపోయి ఉంటుంది, చెయ్యి పలకదు. అందుకే తడి చేత్తో మొండిని రుద్దుకుని తొడుక్కోమంటాం. కాలని భాగమేమో కాలిన భాగం వంతు చెమట కూడా తనే కారుస్తుంది. అంటే ఒకే సాకెట్‌లో ఒకవైపు ఎండ, ఒకవైపు వాన. మధ్యాహ్నానికి సాకెట్ జారడం మొదలవుతుంది, జారిన ఎలక్ట్రోడ్ తప్పుడు సంకేతం ఇస్తుంది, చెయ్యి దానంతటది తెరుచుకుంటుంది. టీ గ్లాసు ఒళ్లో పడ్డాక ఆ మనిషి ఇంకెప్పుడూ ఆ చేత్తో టీ పట్టుకోడు.

కరెంటు గాయాల్లో మరో మోసం ఉంది. విద్యుత్తు లోపలికి వెళ్లిన చోటా బయటికి వచ్చిన చోటా పైకి గాయం చిన్నదిగా కనబడవచ్చు, మధ్య దారిలో ఉన్న కండరం మాత్రం ఉడికిపోతుంది. అందుకే సంకేతం ఇచ్చే కండరమూ తక్కువే, దాన్ని కప్పే చర్మమూ తక్కువే. మా దగ్గర చెయ్యి పెట్టించుకున్న ఒక లైన్‌మన్ రెండు ముక్కల్లో తేల్చేశాడు: "సార్, మోటరు మంచిగనే తిరుగుతుంది. తోలే తట్టుకుంటలేదు."

ఇక బరువు. మన సొంత చెయ్యి, మణికట్టు దాకా, దాదాపు 400 గ్రాములుంటుంది. మోటారు చెయ్యి కూడా అటూ ఇటూగా అంతే. మరి పేషెంటు బరువు బరువు అని ఎందుకంటాడు? సొంత చెయ్యి ఎముకకు వేలాడుతుంది, కృత్రిమ చెయ్యి చర్మానికి వేలాడుతుంది. నీళ్ల బిందె చంకనెత్తుకుంటే ఒక బరువు, వేలికి తగిలించుకుంటే ఇంకో బరువు. దానికి తోడు బ్యాటరీ, సాకెట్, మణికట్టు జాయింటు. కలాం గారు దించిన బరువును మోటారు మళ్లీ ఎక్కించింది, అదీ పోలియో పిల్లల కాళ్ల కంటే చాలా బలహీనమైన చోట.

బరువు కన్నా చెరుపు చేసేది ఒరిపిడి. చర్మాన్ని నిలువుగా నొక్కితే చాలావరకు ఓర్చుకుంటుంది. పక్కకు లాగితే ఓర్చుకోదు. కింది కండరానికి అతుక్కుపోయిన గ్రాఫ్టు అసలే ఓర్చుకోదు, ఎందుకంటే మంచి చర్మానికి కింద ఉండే కొవ్వు పొర, జారే గుణం దానికి లేవు. మోటారు మోకాలు, మోటారు చీలమండ ముందుకు తోసే ప్రతిసారీ ఆ తోపుకు ఎదురు తోపు సాకెట్ లోపల చర్మం మీద పడుతుంది. మెట్లెక్కేటప్పుడు మోటారు మనిషిని ఎత్తుతుంది కదా, ఆ ఎత్తే బలమంతా చేరేది ఎక్కడికి? ఈ ప్రశ్న అమ్మేవాళ్లు వేసుకోరు, కొనేవాళ్లకు తెలియదు.

మే నెల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే జర్మనీలోనో ఐస్‌లాండ్‌లోనో తయారైన కరపత్రంలో అది ఉండదు. జనవరిలో మా కుర్రాళ్లు మోటారు చెయ్యి తొడుక్కుని నుమాయిష్‌లో రాత్రి దాకా తిరుగుతారు, ఎవరూ గుర్తుపట్టలేదని మర్నాడు వచ్చి గొప్పలు చెబుతారు. మేలో అదే చెయ్యి గోడకు వేలాడుతుంది. మొండికీ సాకెట్‌కూ మధ్య తొడిగే సిలికాన్ లైనర్ లోపల గాలి ఆడదు. చెమట బయటికి పోదు. వెంట్రుక కుదుళ్ల దగ్గర పొక్కులు లేస్తాయి, గోకితే పుండు, పుండు పడితే వారం రోజులు చెయ్యి లేదు. అలవాటు తప్పిన చెయ్యి మళ్లీ గోడ దిగడం కష్టం.

చర్మం గురించి మా వృత్తికి అక్షరాభ్యాసం చేసింది నిజానికి కృత్రిమ అవయవాలవాళ్లు కాదు, కుష్ఠు వైద్యులు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915 నుంచి కుష్ఠు ఆస్పత్రి ఉంది. మన కూకట్‌పల్లిలో 1958లో రాణీ కుముదినీ దేవి శివానంద పునరావాస గృహాన్ని పెట్టారు. చిత్తూరు జిల్లావాళ్లకు దగ్గరి వెల్లూరులో 1946 నుంచి డాక్టర్ పాల్ బ్రాండ్ పనిచేశారు. కుష్ఠు వస్తే వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పట్లో డాక్టర్లే నమ్మేవాళ్లు. బ్రాండ్ చూసి చెప్పింది వేరు. మాంసానికి జబ్బేమీ లేదు, నొప్పి తెలియడం పోయింది, అంతే. నొప్పి తెలియనివాడు రాయి గుచ్చుకున్నా అలాగే నడుస్తాడు. ఒక్క పెద్ద దెబ్బ కన్నా, ఒకేచోట వేలసార్లు పడే చిన్న ఒత్తిడి చర్మాన్ని ఎక్కువగా చంపుతుందని ఆయన చూపించారు. మెత్తని ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్) రబ్బరు చెప్పులు ఆ ఎరుక నుంచే వచ్చాయి.

ఈ రోజు షుగరు పేషెంటు విషయంలో ఇది అక్షరాలా నిజం. కొత్త కాలు తొడిగి నాలుగడుగులు వేయించి, ఎట్లా ఉందమ్మా అని అడిగితే ఒక పెద్దామె నవ్వుతూ, "నొప్పేం లేదు బిడ్డా, మంచిగనే ఉన్నది" అంది. విప్పి చూస్తే మొండి చివర ఎర్రగా కందిపోయి ఉంది. నొప్పి లేకపోవడం ఆమె జబ్బు, మా సాకెట్ గొప్పతనం కాదు. అప్పటినుంచి ఇలాంటివాళ్లను ఎట్లా ఉందని అడగడం మానేశాం. మొదటి రోజు అరగంట తొడిగించి విప్పుతాం. కందిన చోటు పెన్నుతో గుర్తుపెట్టుకుని, ఎంతసేపట్లో మామూలు రంగుకు వస్తుందో గడియారం పెట్టి చూస్తాం. కాసేపట్లో తగ్గితే సరే, తగ్గకపోతే సాకెట్ అరగదీయాల్సిందే. ఇంటికి వెళ్లాక అద్దం పెట్టి చూసుకోవడం నేర్పుతాం. కోడలు చూస్తుందిలే అంటారు. కోడలికి కూడా నేర్పుతాం.

పని మొత్తం చెబితే రాత్రవుతుంది కాబట్టి ఒక్క దాని దగ్గరే ఆగుతాను: ఎక్కడ కొయ్యాలి, దేంతో కప్పాలి. ఎముకల డాక్టరు ఎముక పొడవు కాపాడాలంటారు, అది న్యాయమే. పొడవు తగ్గితే మీట బలం తగ్గుతుంది. ప్లాస్టిక్ సర్జన్ ఉన్న గాయాన్ని మూయాలంటారు, అదీ న్యాయమే. ఇద్దరూ తమ పని చక్కగా చేస్తారు. ఏడాది తర్వాత పొడుగాటి మొండి, చివర ఎముక మీద కాగితంలాంటి గ్రాఫ్టుతో మనిషి మా దగ్గరికొస్తాడు. కాలు తొడిగితే చిట్లుతుంది, మానితే మళ్లీ తొడుగుతాం, మళ్లీ చిట్లుతుంది. నన్నడిగితే, మోకాలో మోచెయ్యో దక్కుతుందంటే గ్రాఫ్టు వేసైనా దక్కించాలి, దానికోసం ఎన్ని తిప్పలైనా పడవచ్చు. కీలు ఎలాగూ పోయినప్పుడు, లేదా కీలు కింద ఎముక సరిపడా ఉన్నప్పుడు, నాలుగు అంగుళాల గ్రాఫ్టు మొండి కన్నా రెండు అంగుళాలు తక్కువై తన సొంత చర్మం కప్పిన మొండి మేలు. కింది కొవ్వుతో సహా చర్మాన్ని తెచ్చి కప్పే ఫ్లాపు వేస్తే చర్మం మందంగా వస్తుంది, ఒరిపిడికి ఓరుస్తుంది. కానీ అది సాకెట్‌లో జెల్లీలా ఊగుతుంది, చాలావాటికి స్పర్శ ఉండదు. ఏది ఎంచుకున్నా ఒక ఇబ్బంది తప్పదు. ఆ ఎంపిక జరిగే గదిలో సాకెట్ చేసేవాడు ఒకడు ఉండాలన్నదే నా వాదన. బర్న్స్ వార్డులో కోత నిర్ణయించే ముందు మమ్మల్ని పిలిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పిలిచిన ప్రతిసారీ పేషెంటుకు మేలే జరిగింది.

తొందర ఇంకో శత్రువు. కాలిన మచ్చ మెత్తబడి, తెల్లబడి, స్థిమితపడడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఈలోగా బిగుతు తొడుగులు, మర్దన, ఎక్కడైనా మచ్చ కీలును లాగేస్తుంటే దాన్ని విడదీసే ఆపరేషను. ఆ ఏడాది ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. ఇంట్లో సంపాదించే మనిషి ఆ పేషెంటే. పైగా ఒక్కరోజు శిబిరాలు వచ్చిపడ్డాయి. పొద్దున కొలత, సాయంత్రం కాలు, మధ్యలో ఫోటో. మంచి చర్మం ఉన్నవాడికి శిబిరం వరమే, జైపూర్ కాలు అలాగే లక్షలమందిని నిలబెట్టింది. 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ చేతిపని, డాక్టర్ సేథీ వైద్యం కలిసి చేసిన ఆ కాలును తెలుగువాళ్లం 1985లో 'మయూరి'లో సుధాచంద్రన్ నాట్యం చేస్తుంటే చూసి కళ్లు తుడుచుకున్నాం. కానీ గ్రాఫ్టు మొండికి ఒక్కరోజులో మోటారు తగిలించి పంపడం సేవ కాదు. కొందరికి మోటారే వద్దని చెప్పాలి. భుజానికి పట్టీ వేసి తీగతో లాగే కొక్కెం చెయ్యి తేలిక, చెమట పట్టినా పనిచేస్తుంది, ఎలక్ట్రోడ్లు అక్కర్లేదు. వెల్డింగ్ షాపుకు తిరిగి వెళ్లాలనుకునేవాడికి నేను అదే ఇస్తాను. పెళ్లికి వెళ్లాలనుకునేవాడు ఒప్పుకోడు, అతని కష్టమూ నాకర్థమవుతుంది.

చర్మాన్ని తప్పించుకునే దారులు లేవా? ఉన్నాయి, పూర్తిగా తప్పించేది లేదు. స్వీడన్‌లో పేర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ టైటానియం ఎముకతో కలిసిపోతుందని కనిపెట్టి, 1965లో దాంతో పళ్లు బిగించారు. 1990లో గోథెన్‌బర్గ్‌లో ఆయన కొడుకు రికార్డ్ అదే పద్ధతిలో తొడ ఎముకకు కృత్రిమ కాలు తగిలించే కడ్డీ అమర్చారు. సాకెట్ లేదు, ఒరిపిడి లేదు. కాకపోతే కడ్డీ బయటికొచ్చే చోట చర్మానికి మూసుకోని ద్వారం ఒకటి మిగులుతుంది, అక్కడ ఇన్ఫెక్షను కాపలా జన్మంతా ఉండాలి. షుగరువాళ్లకు సాధారణంగా వద్దంటారు. మన దుమ్ములో, మన నీళ్లలో ఆ కాపలా ఎంతమంది కాయగలరో నాకు అనుమానమే.

రెండో దారి మా లైన్‌మన్లకు దగ్గరిది. అమెరికాలో టెనసీకి చెందిన జెస్సీ సల్లివన్ కూడా లైన్‌మనే. 2001లో కరెంటు తగిలి రెండు చేతులూ భుజాల దాకా పోయాయి. షికాగోలో టాడ్ కైకెన్ బృందం చేతికి పోవాల్సిన నరాలను ఛాతీ కండరాలకు మళ్లించింది. పిడికిలి అనుకుంటే ఛాతీ మీది కండరం బిగుస్తుంది, అక్కడి మంచి చర్మం మీద ఎలక్ట్రోడ్ పెట్టారు. అనుకోకుండా ఇంకోటి జరిగింది. ఛాతీ మీద ఫలానా చోట ముట్టుకుంటే, లేని చేతిని ముట్టుకున్నట్టు ఆయనకు తెలిసింది. మళ్లించిన నరాలు పైకి పాకి చర్మాన్ని కూడా పట్టుకున్నాయన్నమాట. కాలిన చోటు వదిలేసి, కాలని చోట చేతిని వెతుక్కోవడం అనే ఈ ఆలోచన మన బర్న్స్ వార్డులకు ఎంతో పనికొస్తుంది. దీనికి రోబోలు అక్కర్లేదు, నరాల మీద చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి. అలాంటివాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు.

చివరగా డబ్బు. కేంద్రం 1981 నుంచి ఆడిప్ పథకం కింద వికలాంగులకు ఉపకరణాలిస్తోంది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, కుష్ఠు నయమైనవాళ్లు అప్పుడే ఉన్నారు. 2016 చట్టం వాటిని 21 చేసి, యాసిడ్ దాడి బాధితులను కూడా చేర్చింది. చట్టం చర్మం దెబ్బతిన్నవాళ్లను గుర్తించింది. ఖర్చు లెక్కలు వేసేవాళ్లు ఇంకా గుర్తించాలి. కాలు ఒక వస్తువు, ఒకసారి ఇచ్చేస్తే అయిపోయిందని అనుకుంటాం. మొదటి ఏడాదిలో మొండి కుదించుకుపోతుంది, సాకెట్ మళ్లీ చెయ్యాలి. లైనరు చిరుగుతుంది, అది లేకుండా గ్రాఫ్టు మీద నడవకూడదు. లక్షల ఖరీదు మోకాలు దానంగా పొంది, లైనరు కొనలేక దాన్ని మంచం కింద పెట్టినవాళ్లను నేనెరుగుదును. ఒక మోటారు చెయ్యికి పెట్టే డబ్బులో కొంత పక్కనపెట్టి రెండేళ్ల లైనర్లకూ, రెండో సాకెట్‌కూ, రానుపోను బస్సు చార్జీలకూ ఇవ్వమని దాతలను అడుగుతున్నాను. ఫోటోకు అది బాగోదని తెలుసు.

బయట వరండాలో బల్ల మీద నాలుగు రకాల లైనర్లు, ఒక పాత సాకెట్, దాని పక్కన కోసి తెరిచిన మోటారు చెయ్యి పెట్టించాను. లైనర్లను లోపలివైపు తిప్పి, చేతికి తొడుక్కుని చూడండి. ఐదు నిమిషాలుంచితే చాలు, చెమట సంగతి తెలుస్తుంది. వార్డుల్లో పనిచేసే సర్జన్లు ఎవరైనా వచ్చుంటే దయచేసి కాస్త ఆగండి, మీతో మాట్లాడాలి.